చేతికివ్వని ఉప్పు

చిట్టా 6,918

దక్షిణం గొలుసు: తుప్పు రెండు వేళ్ళ మందం. గీకి గ్రీజు పూశాను. మిగతా మూడు గొలుసులు నిన్నటి లాగే ఉన్నాయి. లంగరుపాలెం ఉన్నచోటే ఉంది, ఎటూ కొట్టుకుపోలేదు.

ఈ చిట్టాలో గొలుసుల సంగతి తప్ప మరేదీ రాయకూడదని నిబంధన. పందొమ్మిదేళ్ళుగా రోజుకొకటి చొప్పున ఈ పుస్తకంలో రాసి, నకలు పై ఆఫీసుకు పంపుతున్నాను, ఒక్కడూ చదివిన పాపాన పోలేదు. మూడేళ్ళ కిందట పరీక్షగా ‘పడమటి గొలుసును మొసలి మింగేసింది’ అని రాశాను. ‘అందింది, ఇలాగే కొనసాగించండి’ అని జవాబు వచ్చింది. కాబట్టి ఇవాళ్టి నుంచి నా గోడు కూడా ఇందులోనే రాసుకుంటాను. ఇంట్లో చెప్పుకుందామంటే నా భార్య నూకరత్నానికి చెవులు వినపడవు. వినపడినా ఈ సంగతి ఆమెకు చెప్పలేను.

ఇవాళ మా ఇంటి పరపతి పత్రం వచ్చింది. డబ్బు చెలామణి పోయిన దగ్గర్నుంచి వేదికల మీద తేలే ఈ ఊళ్ళో అందరం బదుళ్ళ మీదే బతుకుతున్నాం. పొద్దున కాఫీపొడి, మధ్యాహ్నం మేకులు, సాయంత్రం నిచ్చెన. ఎవరు ఏం తీసుకున్నా, ఏం తిరిగిచ్చినా మణికట్టు మీది కడియాలే రాసుకుంటాయి. ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి, మధ్యలో వస్తువు. రెండు కడియాలూ టింగుమంటే లెక్కలోకి ఎక్కినట్టు.

పత్రంలో ఇలా ఉంది. తీసుకున్న బదుళ్ళు 2,304. తిరిగిచ్చినవి 2,303. పరపతి అంకె 611. కింద ఎర్రసిరాతో: ‘మచ్చ ఒకటి. ఉప్పు, గిద్దెడు. ఎగవేత. ఏడేళ్ళు ఉండును.’

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు. నేను ఉప్పు తిన్నాను, నీళ్ళూ తాగాను, మర్నాడే ఉప్పు తిరిగి కూడా ఇచ్చాను. ఇంకేం చెయ్యాలి నేను?

నలభై ఒక్క రోజుల్లో చెవుల బోటు వస్తుంది. కొత్త చెవులు పెట్టే డాక్టర్ల బోటు. ఆరేళ్ళకొకసారి వస్తుంది, మచ్చ ఉన్న ఇంటివాళ్ళను మెట్టు కూడా ఎక్కనివ్వదు. రత్నానికి యాభై ఎనిమిది. అరవై దాటితే లోపలి నరం ఎండిపోతుంది, ఇంక లాభం లేదని ఆ డాక్టర్లు పోయినసారే ఊరందరికీ చెప్పారు. అంటే ఇదే ఆఖరి బోటు.

ఆ చెవులు ఎలా పోయాయో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. నాలుగేళ్ళ కిందటి తుపానులో, చేపల పడవలు దారి తప్పకుండా, మనిషి పక్కన నిలబడలేని ఆ పెద్ద హారన్ను తొమ్మిది గంటలు నొక్కి పట్టుకుంది. అరవై మూడు పడవలు తిరిగొచ్చాయి. అలాంటి మనిషికి గిద్దెడు ఉప్పు అడ్డం పడింది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వస్తున్నాయి.

రత్నం పలక నా ముందు పెట్టి, ‘పత్రం వచ్చిందా?’ అని ఊరంతా వినేలా అడిగింది. తన గొంతు తనకు వినపడక అలా అరుస్తుంది పాపం. ‘బ్రహ్మాండంగా ఉంది’ అని రాశాను.

చిట్టా 6,919

గొలుసులు సరే.

పన్నెండో వేదిక మీది పరపతి కార్యాలయానికి వెళ్ళాను. గుమాస్తా ఫణీంద్ర మంచివాడే, కుర్చీ మాత్రం మంచిది కాదు.

“కూచోండి బాబాయిగారూ. మీ పత్రం చూత్తే మాకే ఆశ్చర్యమేసిందండి. ఈ ఊళ్ళో పందొమ్మిదేళ్ళలో ఉప్పు బదులు తీసుకున్న మనిషి మీరొక్కరేనండి.”

“అదేంటయ్యా, ఊరంతా ఇచ్చిపుచ్చుకుంటానే ఉంటారు కదా?”

“రికార్డులో లేదండి.”

అప్పుడు నా బుర్రకు తట్టింది. ఉప్పు ఎవరైనా చేతికిస్తారా? చేతికిస్తే పోట్లాటలొస్తాయని ఇచ్చేవాళ్ళు గట్టు మీద పెడతారు, పుచ్చుకునేవాళ్ళు గట్టు మీంచి తీసుకుంటారు. చెయ్యీ చెయ్యీ కలవదు, కడియం టింగుమనదు. ఎనిమిది వేల మంది ఉప్పు తింటున్న ఊళ్ళో ఒక్క పలుకు కూడా రికార్డులోకి ఎక్కకపోవడానికి కారణం అదీ. ఈ కడియాలు చేసినవాళ్ళ ఇళ్ళల్లో ఉప్పు ఎలా పుచ్చుకుంటారో ఆ పెరుమాళ్ళకే తెలియాలి.

మరి నాదొక్కటీ ఎలా ఎక్కింది? పదకొండు నెలల కిందట పక్కింటి భ్రమరాంబ గారిని గిద్దెడు ఉప్పు అడిగాను. ఆవిడ పద్ధతిగా గిన్నె గట్టు మీద పెట్టబోతున్నారు. అదే క్షణాన పెద్ద కెరటం వచ్చి వేదిక ఒరిగింది. ఉప్పు నేలపాలవుతుందని నేను గబుక్కున ఆవిడ చేతిలోని గిన్నె పట్టుకున్నాను. టింగుమంది. మర్నాడు సముద్రం ప్రశాంతంగా ఉంది, నేను కూడా పద్ధతిగా గట్టు మీద పెట్టి వచ్చాను. తీసుకున్నది ఎక్కింది, ఇచ్చింది ఎక్కలేదు.

ఇదంతా చెబితే ఫణీంద్ర తల ఊపాడు. “మా అమ్మా గట్టు మీదే పెడద్దండి. కానీ ఈ కుర్చీలో కూచున్నాక నాకు అమ్మ లేదండి.”

“అందిందని ఆవిడ చేత రాయించుకొస్తే?”

“మాట చెల్లదండి. చెయ్యే చెల్లుద్ది.”

“పోనీ వదిలేశానని ఆవిడ అంటే?”

“మాఫీ అండి అది. అప్పుడు ఎగవేత పక్కన మాఫీ కూడా ఎక్కుద్ది. రెండు మచ్చలు.” చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “తేలిగ్గా పోయేదానికి ఎందుకండీ ఇంత గొడవ. మళ్ళీ ఓ గిద్దెడు ఉప్పు ఆవిడ చేతిలో పెట్టేయండి. మీరైనా సరే, పిన్నిగారైనా సరే, మీ ఇంట్లో ఎవరి చెయ్యయినా చెల్లుద్ది.”

ఇంతేనా అనుకుని ఈల వేసుకుంటూ వచ్చాను. నా అంత వెర్రివాడు ఈ నాలుగు గొలుసుల మధ్య లేడు.

చిట్టా 6,920

తూర్పు గొలుసుకు నాచు పట్టింది. తీశాను.

భ్రమరాంబ గారికి డెబ్బై ఒకటి. ముప్పై ఐదేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. పరపతి అంకె 822, పదకొండేళ్ళుగా అందులో ఒక్కటి తగ్గలేదు. నాకు అక్కయ్య వరస, రత్నానికి వదిన. చెవులు పోయిన దగ్గర్నుంచి రోజూ మధ్యాహ్నం వచ్చి రత్నం పక్కన కూర్చుని ఊళ్ళో కబుర్లన్నీ పలక మీద రాసి చూపిస్తారు. ఇప్పటికి మూడు పలకలు అరిగాయి.

ఉప్పు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి సంగతంతా చెప్పాను. ఆవిడ రెండు చేతులూ చంకల్లో పెట్టేసుకున్నారు.

“చస్తే పుచ్చుకోను తమ్ముడూ.”

“అక్కయ్యగారూ, రత్నం చెవులండి.”

“దాని చెవులు నాకక్కర్లేదనా నీ ఉద్దేశం? ఇలా కూచో. మా చెల్లెలు విశాలాక్షి గుర్తుందా నీకు? గుర్తుండదులే, నువ్వు రాకముందు మాట. ఓ రోజు హడావుడిలో దాని చేతికి ఉప్పు ఇచ్చాను. వారం తిరక్కుండా కుట్టు మిషను దగ్గర మాటా మాటా వచ్చింది. ఏమంత మాటలు కావు. ఆరేళ్ళు మాట్లాడుకోలేదు. ఆ తర్వాత మాట్లాడుకుందామంటే అది లేదు.”

చేతులు చంకల్లోంచి తియ్యకుండానే ఆవిడ నా గిన్నె వైపు చూశారు.

“ఆ రోజు నువ్వు నా చేతిలోంచి గిన్నె లాక్కున్నావే, అప్పట్నుంచి పదకొండు నెలలు బిక్కుబిక్కుమంటూ ఉన్నాను. ఇప్పుడు మళ్ళీ పుచ్చుకోమంటావా? నాకీ లోకంలో మిగిలింది మీ ఆవిడొక్కత్తే. దానితో మాట పోతే నేనెవరితో మాట్లాడను?”

మూఢనమ్మకం అందామనుకున్నాను. కానీ నేను మాత్రం ఈ అరవై ఒక్కేళ్ళలో ఎవరి చేతికైనా ఉప్పు ఇచ్చానా? ఇవ్వలేదు. గిన్నె గట్టు మీద పెట్టబోయి, అది కూడా చూడ్డానికి బాగోదని ఇంటికి తెచ్చేశాను.

చిట్టా 6,927

గొలుసులు సరే. గ్రీజు అయిపోయింది, బదులు తేవాలి.

అభ్యంతర పత్రం పెట్టాను. భ్రమరాంబ గారు దానికి జతగా, ‘ఉప్పు నిండుగా, గట్టు మీద, సకాలంలో అందినది’ అని అచ్చు గుద్దినట్టుండే దస్తూరీతో రాసి సంతకం చేశారు. ఇవాళ జవాబు వచ్చింది.

‘మీ అభ్యంతరాన్ని కూలంకషంగా విచారించాం. మీ కడియాన్ని అడిగాం, ఎగవేతేనని చెప్పింది. పక్కింటివారి కడియాన్ని అడిగాం, అదీ అలాగే చెప్పింది. సాక్షులిద్దరూ ఒకే మాట మీద ఉన్నందున సమాచారం సరైనదని నిర్ధారించడమైనది. అందనిది అందినట్టు రాసిన పక్కింటివారి జ్ఞాపకశక్తి సన్నగిల్లినట్టు భావించి వారి అంకెలో నాలుగు తగ్గించడమైనది.’

822 కాస్తా 818 అయింది. భ్రమరాంబ గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మూడోసారి చదివారు.

“ముప్పై ఐదేళ్ళు లెక్కలు చెప్పానయ్యా,” అన్నారు. ఆ పూట రత్నం దగ్గరికి కూడా రాలేదు. వదిన ఎందుకు రాలేదని రత్నం అరిచింది. తలనొప్పి అని రాశాను. అబద్ధాలు రాయడం కూడా అలవాటైపోతోంది నాకు.

చిట్టా 6,935

ఉత్తరం గొలుసు వదులుగా ఉంది. రెండు మరలు బిగించాను. బిగించే పానా మా ఎదురు వరస అతనిది. ఇచ్చేటప్పుడు, “ఇది ఉప్పు కాదు కదండీ,” అన్నాడు.

మచ్చ సంగతి ఊరంతా పొక్కింది. టీ కొట్టువాడు ముందు ఖాళీ గ్లాసు ఇచ్చి, అది తిరిగిస్తానో లేదో చూసి, అప్పుడు టీ పోస్తున్నాడు. మంగలి సగం గడ్డం గీసి, నేను అద్దం తిరిగి చేతికిచ్చేదాకా మిగతా సగం ముట్టుకోలేదు.

ఆరో వేదిక మీద మావుళ్ళు అని ఒకాయన ‘మచ్చలు మాపబడును’ అని బోర్డు పెట్టుకున్నాడు. వెళ్ళి కలిశాను. ఫీజు నా గొడుగు. బదులుగా కాదు, శాశ్వతంగా.

“మచ్చని తుడవలేమండి బాబూ,” అన్నాడు గొడుగు విప్పి చూసుకుంటూ. “దాని చుట్టూ తెలుపు పెంచాలి. రోజుకి నలభై వస్తువులు తీసుకోండి, సాయంత్రానికల్లా ఇచ్చెయ్యండి. లావాదేవీల్లో మచ్చ కొట్టుకుపోద్ది.”

ఎనిమిది రోజులు అదే పని చేశాను. ఒకే ఇంటి గరిటె పూటకు ఆరుసార్లు తెచ్చి ఆరుసార్లు ఇచ్చాను. తొమ్మిదో వేదిక ముసలాయన చేతికర్ర తీసుకుని, ఆయన్ను గోడకు ఆనించి, అయిదు నిముషాలయ్యాక తిరిగిచ్చాను. ఒకావిడ దగ్గర మేకను తీసుకున్నాను. అది నా చొక్కా జేబు తినేసింది, కానీ కడియం టింగుమంది. ఇంట్లో ఈ గరిటెలూ మేకలూ ఏంటని రత్నం అడిగితే, ‘ఊళ్ళో తనిఖీ’ అని రాశాను.

అంకె 611 నుంచి 648కి పెరిగింది. మావుళ్ళు నా గొడుగు తిప్పుకుంటూ, చూశారా అన్నాడు. ఇవాళ పొద్దున కార్యాలయం నుంచి మరో కాగితం: ‘ఈ ఇంటివారికి ఉన్నట్టుండి గరిటెల అవసరం విపరీతంగా పెరిగినది. ఇక్కట్లలో ఉన్నట్టు అనుమానం.’ అంకె 590. మునుపటి కంటే ఇరవై ఒకటి తక్కువ. గొడుగు కూడా పోయింది.

చిట్టా 6,946

గొలుసులు సరే. వాటికేం, ఎవరికీ ఏమీ బాకీ లేవు.

ఒక ఉపాయం పన్నాను. సిగ్గుగా ఉంది కానీ రాస్తాను. భ్రమరాంబ గారికి ఆవకాయ అంటే ప్రాణం. ఆవకాయలో గిద్దకు పైగానే ఉప్పుంటుంది. జాడీ తీసుకెళ్ళి, “రత్నం ఇమ్మందండి,” అని చేతికిచ్చాను. ఆవిడ సంతోషంగా పుచ్చుకున్నారు. కడియాలు టింగుమన్నాయి. పరుగున వచ్చి నా కడియం తిప్పి చూశాను. ‘మామిడికాయ ముక్కలు, కొత్త బదులు, మీరు ఇచ్చినది. పక్కింటివారు మీకు బాకీ.’

సాయంత్రం భ్రమరాంబ గారు జాడీ తెచ్చి మా గట్టు మీద పెట్టారు. మూత కూడా తియ్యలేదు.

“దొంగతనంగా నా చేత ఉప్పు పట్టించాలని చూశావు. అవునా?”

“అవునండి.”

“నువ్వు ఏదడిగినా ఊరికే ఇచ్చేదాన్ని, తమ్ముడూ. నా ఇల్లు అడుగు, ఇస్తాను. ఈ ఒక్కటీ అడక్కు.” ఆవిడ జాడీని నా వైపు జరిపారు. “దాని చెవుల కోసం నేను మొక్కని దేవుడు లేడు. బోటు పోతే ఇంకో పదేళ్ళు పలక మీద రాస్తాను. నా చెయ్యి పనిచేసినంతకాలం రాస్తాను. కానీ అది నాతో మాట్లాడకుండా ఉంటే మాత్రం నేనుండలేను.”

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చాలాసేపు ప్రయత్నించాను. రాలేదు.

చిట్టా 6,957

దక్షిణం గొలుసు కోసం కిందికి దిగాలి. దాని లంగరు మునిగిపోయిన పాత ఊరి నీళ్ళ ట్యాంకుకు కట్టి ఉంది. అక్కడ ముడి చూసి రావడానికి సగం రోజు పడుతుంది.

ఫణీంద్ర ఆఖరి దారి ఒకటి చెప్పాడు. పత్రం కింద వంద మాటలకు మించకుండా సంజాయిషీ రాసుకోవచ్చట. మచ్చ పోదు, చదివినవాళ్ళకు జాలి కలిగితే కలగొచ్చట. రాశాను. కెరటం, గిన్నె, గట్టు, హారను, తొమ్మిది గంటలు, అరవై మూడు పడవలు. లెక్క చూస్తే నూట నాలుగు మాటలయ్యాయి. ‘దయచేసి’ అన్న మాట నాలుగుచోట్ల ఉంది, నాలుగూ కొట్టేశాను.

“బోటువాళ్ళు ఇది చదువుతారా?” అని అడిగాను.

“చదవరండి,” అన్నాడు ఫణీంద్ర. ఈసారి కుర్చీలోంచి లేచి నిలబడి చెప్పాడు. “జాబితా రేపు మధ్యాహ్నానికి మూసేత్తారండి.”

ఇంక ఇవాళ సాయంత్రం రత్నానికి చెప్పేయాలి. పలక మీద ఎలా రాయాలో తెలియడం లేదు. మొదటి మాట ‘రత్నం’ అని రాస్తాను. తర్వాతది ఆలోచించాలి.

చిట్టా 6,957, ఇంకో చేతిరాత

ఇది నేను, నూకరత్నాన్ని. గొలుసుల సంగతి నాకు తెలియదు. మీరు కిందికి దిగుతూ పుస్తకం బల్ల మీద వదిలేశారు. మొదట్నుంచీ చదివాను. ముప్పై తొమ్మిది రోజులు నా దగ్గర దాస్తారా? తలనొప్పి అట, తనిఖీ అట. నేను చెవిటిదాన్ని గానీ గుడ్డిదాన్ని కాదు, మేకను చూసినప్పుడే అనుకున్నాను.

వదిన ఇంటికి వెళ్తున్నాను. వంకాయ పొయ్యి మీద ఉంది. మాడితే మీదే పూచీ.

చిట్టా 6,958

వంకాయ మాడింది. దక్షిణం ముడి గట్టిగా ఉంది. రెండూ నిన్నటి సంగతులే, ఆలస్యంగా రాస్తున్నాను.

నేను నీళ్ళలోంచి పైకి వచ్చేసరికి రత్నం గొంతు మూడు వేదికల అవతలికి వినపడుతోంది. తడిబట్టలతోనే పరిగెత్తాను. భ్రమరాంబ గారి వాకిట్లో జనం. రత్నం గిద్ద నిండా ఉప్పు పోసుకుని నిలబడింది. ఎదురుగా ఆవిడ, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గోడకు ఆనుకుని ఉన్నారు.

“చెయ్యి పట్టు వదినా,” అంటోంది రత్నం.

ఆవిడ పలక అందుకుని గబగబా రాసి చూపించారు. ‘వద్దు. నువ్వు నాకు దూరమైపోతావు.’

“ఎక్కడికి పోతాను? చుట్టూ సముద్రం.”

ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. చెరిపి మళ్ళీ రాశారు. ‘పోట్లాట వస్తుంది. విశాలాక్షితో వచ్చింది.’

రత్నం ఆ రెండు వాక్యాలూ చాలాసేపు చదివింది. తర్వాత మాట్లాడినప్పుడు ఎందుకో గొంతు కాస్త తగ్గింది.

“రానీ వదినా. నాలుగేళ్ళయింది నువ్వు నన్నొక్క మాట అని. మునుపు రోజూ అనేదానివి. పులుసు పలచనైతే అనేదానివి, బట్టలు గట్టిగా పిండకపోతే అనేదానివి. నాకు వినబడ్డం మానేశాక ఒక్క రోజు తిట్టావా? పలక మీద ఎవరు తిడతారు? తిట్టు రాసేలోపు కోపం చల్లారిపోద్ది. రోగిష్టిదాన్ని చూసినట్టు చూత్తన్నావు నన్ను. విశాలాక్షి వదినతో పోట్లాడి నువ్వు మాట్లాడ్డం మానేశావు. నేను మానను. నువ్వు తలుపేసుకుంటే తలుపు బయట నిలబడి పోట్లాడతాను. కానీ పోట్లాడాలంటే ముందు నాకు వినబడాలి కదా. చెయ్యి పట్టు.”

భ్రమరాంబ గారు పలక మీది మాటలు కొంగుతో చెరిపేశారు. దాన్ని గట్టు మీద పెట్టారు. ఉప్పు పెట్టాల్సిన చోట పలక పెట్టి, రెండు చేతులూ దోసిలిగా పట్టారు. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకున్నారు.

రత్నం గిద్దలోని ఉప్పంతా ఆ దోసిట్లో పోసింది. రెండు కడియాలూ టింగుమన్నాయి. వాకిట్లో ఉన్న ఆడవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు, అక్కడికక్కడే జుట్లు పట్టుకుంటారేమోనని. ఏమీ జరగలేదు. ఇద్దరూ ఏడ్చారు. ఆ దోసిట్లో ఉప్పు ఏం చేసుకోవాలో తెలియక భ్రమరాంబ గారు చాలాసేపు అలాగే నిలబడిపోయారు.

ఫణీంద్ర ఇవాళ మధ్యాహ్నం ముద్ర వేశాడు. ‘ఉప్పు, గిద్దెడు. తీరినది, ఆలస్యముగా.’ ఆలస్యం అన్న మాట ఏడేళ్ళు ఉంటుందట, పసుపు సిరాతో. పసుపు ఉన్నా బోటు ఎక్కొచ్చు. రత్నం పేరు జాబితాలో ఆఖరిది, దాని కింద గీత గీసేశారు. కార్యాలయం తలుపు మీద అప్పుడే కొత్త కాగితం అంటించి ఉంది: ‘ఊళ్ళో ఉప్పు లావాదేవీలు ఒక్కసారిగా పెరుగుతున్నవి. ప్రజలు నిగ్రహం పాటించవలెను.’

చిట్టా 6,972

గొలుసులు నాలుగూ ఉన్నాయి. ఎలా ఉన్నాయో ఇవాళ చూడలేదు.

బోటు మీద రత్నం చెవుల కట్టు విప్పారు. నేను ఎదురుగా నిలబడి, ఏమనాలో రాత్రంతా అనుకున్న మాటలన్నీ మర్చిపోయి, “రత్నం, కాఫీ తాగుతావా?” అన్నాను.

ఆమె నా వైపు చూసింది. “మీ గొంతు ఇంత కీచుగా ఉండేదా?” అంది.

తర్వాత నా చెయ్యి పట్టుకుంది. బోటు దిగి ఇంటికి చేరేదాకా వదల్లేదు. దారి పొడుగునా ఆగుతూ వచ్చింది. తాడు కిర్రుమంటే ఆగింది, ఎవరో తుమ్మితే ఆగింది. నాలుగో వేదిక దగ్గర కెరటం కొట్టుకునే చోట అరగంట నిలబడింది. నేను కళ్ళు తుడుచుకోవడం చూసి, ముక్కు చీదకండి, చెవులు పగిలిపోతున్నాయి అంది.

చిట్టా 6,976

పడమటి గొలుసు: బాగుంది. మొసలి ఏమీ లేదు.

మూడు రోజులు ఆడవాళ్ళిద్దరూ ఎంత మర్యాదగా ఉన్నారంటే నాకు భయమేసింది. ఒకరినొకరు ‘మీరు’ అనుకోవడం మొదలుపెట్టారు. మంచినీళ్ళు ఇచ్చినా ‘ఎందుకండీ శ్రమ’ అనుకుంటున్నారు. రత్నం పులుసు పట్టుకెళితే, “అమృతంలా ఉందండి,” అన్నారు భ్రమరాంబ గారు. నేను రుచి చూశాను. కుడితిలా ఉంది. ఇద్దరూ పాము పక్కన కూర్చున్నట్టు కూర్చుంటున్నారు.

ఇవాళ పది గంటలకు బద్దలైంది. నాలుగేళ్ళుగా రత్నం నా చెవిలో చెబుతున్నాననుకుని చెప్పినవన్నీ ఊరు ఊరంతా విన్నదని భ్రమరాంబ గారు బయటపెట్టారు. ఆవిడ పై వరస పళ్ళు కట్టుడువని, జుట్టుకు బొగ్గు పూస్తారని, 822 ఉందని మిడిసిపడతారని.

“నాతో చెప్పొచ్చు కదా వదినా, ఊరంతా వినబడతందని?”

“ఎలా చెప్పనే? పలక మీద రాయనా, ‘అమ్మా, నా పళ్ళ గురించి మెల్లగా చెప్పు’ అని?”

“రాయాల్సింది.”

“నీ పులుసు కుడితిలా ఉందని కూడా రాయాల్సింది.”

రెండు గంటలు సాగింది. నేను మధ్యలో వెళితే ఇద్దరూ నా మీద పడ్డారు, కాబట్టి గొలుసు దగ్గరికి వెళ్ళిపోయాను. అక్కడికీ వినపడుతూనే ఉంది. చివరికి తలుపు దభాలున మూసుకున్న శబ్దం వచ్చింది. ఆరేళ్ళు, అనుకున్నాను. ఇంకో ఆరేళ్ళు మాటల్లేవు.

ఇంటికి వచ్చేసరికి రత్నం మధ్యగోడ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. గోడ అవతల భ్రమరాంబ గారు తనలో తాను ఏదో గొణుక్కుంటున్నారు. నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. రత్నం మాత్రం వేలు పైకెత్తి నన్ను మాట్లాడొద్దంది. ముఖం వెలిగిపోతోంది.

“విన్నారా? నా నోరు చిల్లిగారె అంట.”

తర్వాత గోడకు చెయ్యి ఆనించి, “వదినా, అంతా వినబడింది,” అంది. “ఆఖర్న చిన్నగా ఏదో అన్నావు, అదొక్కటే సరిగ్గా వినబళ్ళేదు. మళ్ళీ అను.”

గోడ అవతల కుర్చీ ఈడ్చుకుని దగ్గరికి జరిగిన చప్పుడు వచ్చింది. గొంతు సవరించుకున్నారు. ఆ తర్వాత భ్రమరాంబ గారు మొదటి నుంచి మళ్ళీ అందుకున్నారు, అక్షరం పొల్లుపోకుండా, ఈసారి కాస్త గట్టిగా.